రెండేళ్ళు, ఆరు పాయింట్లు



బెజవాడ బెంజ్ సర్కిల్‌లో సాయంత్రం ఆరింటికి కారు నడిపినవాడు, అమీర్‌పేట చౌరస్తాలో వానలో బండి తిప్పినవాడు ప్రపంచంలో ఏ రోడ్డు మీదైనా నడపగలడని మనవాళ్ళకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. కానీ స్టీరింగ్ మీద పట్టు ఉండడం వేరు, చట్టం కళ్ళకు డ్రైవరుగా కనపడడం వేరు. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్ళిన మన పిల్లలకు ఈ తేడా ఒక్కోసారి లైసెన్సు చేజారాకగాని తెలియడం లేదు. ఇవాళ అక్కడి కొత్త డ్రైవర్ల చట్టం గురించి మాట్లాడుకుందాం. మీ ఇంటి పిల్లలు లెస్టర్‌లోనో, రెడింగ్‌లోనో, ఈస్ట్ హామ్‌లోనో ఉంటే కాస్త చెవి ఒగ్గి వినండి. రేపు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, చలి ఎలా ఉంది" అయ్యాక చెప్పడానికి పనికొస్తుంది.

ముందు ఒక సంగతి. మన దేశపు లైసెన్సుతో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో కారు నడపొచ్చు. అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలల వరకే. ఆ తరువాత ఆ లైసెన్సు ఆ రోడ్ల మీద చెల్లదు. ఆస్ట్రేలియా, కెనడా, జపాన్, సింగపూర్, అరబ్ ఎమిరేట్స్ వంటి కొన్ని దేశాల లైసెన్సులు తెచ్చుకున్నవాళ్ళు వాటిని ఇచ్చేసి బ్రిటిష్ లైసెన్సు తీసుకోవచ్చు. ఆ జాబితాలో భారతదేశం లేదు. కాబట్టి మనవాళ్ళు మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. ముందు నేర్చుకునేవాళ్ళకిచ్చే ప్రొవిజనల్ లైసెన్సు, తరువాత థియరీ పరీక్ష, ఆ తరువాత రోడ్డు మీద పరీక్ష. థియరీలో 50 ప్రశ్నలకు 43 సరిగ్గా రాయాలి. దాంతోపాటే తెర మీద వీడియోలు చూస్తూ ప్రమాదం ముంచుకొచ్చే క్షణాన్ని పసిగట్టి మౌస్ నొక్కే పరీక్ష ఒకటి. రోడ్డు పరీక్షలో చిన్న తప్పులు 15 దాకా ఓర్చుకుంటారు. పెద్ద తప్పు ఒక్కటి చేస్తే ఇంటికే. పదేళ్ళు ఇక్కడ నడిపొచ్చినవాళ్ళు అక్కడ రెండుసార్లు తప్పడం వింతేమీ కాదు. అద్దాలు చూడకుండా లేన్ మారే అలవాటు, రౌండబౌట్‌లో కుడివైపు వాహనానికి దారి ఇవ్వకపోవడం, ఇవన్నీ మన చేతుల్లో పాతుకుపోయినవే.

సరే, పాసయ్యారు. స్వీట్లు పంచారు, స్టేటస్ పెట్టారు. అసలు కథ ఆ రోజే మొదలవుతుంది.

1995లో బ్రిటిష్ పార్లమెంటు కొత్త డ్రైవర్ల కోసం విడిగా ఒక చట్టం చేసింది. 1997 జూన్ 1 నుంచి అది అమలులో ఉంది. అందులో ఉన్నదల్లా ఒకటే మాట. మొదటి డ్రైవింగ్ పరీక్ష పాసైన రోజు నుంచి రెండేళ్ళలోపు చేసిన తప్పులతో మీ లైసెన్సు మీద ఆరు పాయింట్లు చేరితే, ఆ లైసెన్సు రద్దు. అంతే. మామూలు డ్రైవరు మూడేళ్ళలో 12 పాయింట్లు పోగేసుకుంటేగాని కోర్టు అతన్ని రోడ్డు మీద నుంచి తప్పించదు. కొత్తవాడికి అందులో సగమే. వయసెంతో, ఇంతకుముందు ఎక్కడ ఎంతకాలం నడిపాడో చట్టం అడగదు. నలభై ఏళ్ళ మనిషి, ఖమ్మంలో ఇరవై ఏళ్ళుగా కారున్న మనిషి, నిన్న స్లౌలో పాసైతే ఇవాళ అతనూ పదిహేడేళ్ళ కుర్రాడూ ఒకే వరసలో నిలబడతారు.

రద్దు అంటే నిషేధం కాదని కూడా చెప్పాలి. నిషేధమైతే మామూలుగా గడువు తీరాక మళ్ళీ బండెక్కొచ్చు. ఇక్కడ శిక్ష వేరు. మళ్ళీ ప్రొవిజనల్‌కు దరఖాస్తు పెట్టుకుని, థియరీ రాసి, రోడ్డు పరీక్ష పాసయ్యేదాకా నేర్చుకునేవాడిగానే ఉండిపోవాలి. కారుకు ముందూ వెనకా ఎర్ర ఎల్ ప్లేటు. పక్క సీట్లో 21 ఏళ్ళు నిండి, మూడేళ్ళుగా లైసెన్సున్న మనిషి. ఇక మోటర్‌వే మీదకు రెండువైపులా బ్రేకులున్న కారులో, గుర్తింపు పొందిన శిక్షకుడు పక్కనుంటేనే ప్రవేశం. మిల్టన్ కీన్స్‌లో ఇల్లు, కవెంట్రీలో ఉద్యోగం ఉన్నవాడికి ఇదేమంత చిన్న మాట?

పరీక్ష రుసుములు చూస్తే పెద్దవేం కావు. థియరీకి 23 పౌండ్లు, రోడ్డు పరీక్షకు మామూలు రోజుల్లో 62. కష్టమంతా తేదీ దొరకడంలోనే. కరోనా తరువాత పరీక్షల క్యూ పెరిగి, చాలా కేంద్రాల్లో నెలల తరబడి ఖాళీ ఉండడం లేదు. ఉన్న స్లాట్లను ముందే పట్టేసి ఎక్కువ ధరకు అమ్ముకునే దళారులు కూడా పుట్టుకొచ్చారు. మన తత్కాల్ టిక్కెట్ల బాగోతం తెలిసినవాళ్ళకు ఇంతకంటే వివరించి చెప్పక్కరలేదు. ఈ చట్టంలో జరిమానా కంటే కాలమే పెద్ద శిక్షని నాకనిపిస్తుంది. వంద పౌండ్లు ఎవరైనా కట్టేస్తారు. ఆరు నెలలు బస్సులో తిరగడం ఎవరికీ ఇష్టముండదు.

ఇంతకీ ఆరు పాయింట్లు ఎలా పడతాయి? చాలామంది అనుకునేది రెండుసార్లు వేగం మించితే పడతాయని. నిజమే, మామూలుగా ఒక్కో స్పీడింగ్ తప్పుకు 100 పౌండ్లు, మూడు పాయింట్లు. కొద్దిగా మించితే పోలీసులు పాయింట్లకు బదులు ఒక తరగతికి పంపుతామంటారు. 30 మైళ్ళ రోడ్డు మీద 35 నుంచి 42 మధ్య దొరికినవాళ్ళకు సాధారణంగా ఆ వెసులుబాటు ఇస్తారు. మూడేళ్ళలో ఒక్కసారే. అది హక్కు కాదు, వాళ్ళిచ్చే అవకాశం. ఇంగ్లండ్‌లో వీధి దీపాలున్న రోడ్డు మీద వేరే బోర్డు లేకపోతే హద్దు 30 మైళ్ళే. మనవాళ్ళు బోర్డు కోసం వెతుకుతూ కెమెరాకు చిక్కుతారు. వేల్స్‌లో అయితే 2023 సెప్టెంబరు 17 నుంచి అలాంటి రోడ్ల మీద హద్దు 20కి దిగింది. కార్డిఫ్‌లో చదివే పిల్లలు ఈ మాట గోడకు అంటించుకున్నా తప్పులేదు.

వేగం మెల్లిగా ముంచుతుంది. ఒక్క దెబ్బతో ముంచేవి వేరే ఉన్నాయి. వాటి దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మనవాళ్ళ అలవాట్లు సరిగ్గా అక్కడే ఉన్నాయి.

మొదటిది ఫోను. 2017 మార్చి 1న చేతిలో ఫోను పట్టుకుని నడిపేవాళ్ళకు పాయింట్లు మూడు నుంచి ఆరుకు, జరిమానా 100 పౌండ్ల నుంచి 200కు పెంచారు. పాతవాడికి ఆరు అంటే సగం దూరం. కొత్తవాడికి అదే గమ్యం. ఒక్క వాట్సాప్ మెసేజి, లైసెన్సు రద్దు. కొందరు లాయర్లు "నా కక్షిదారు మాట్లాడలేదు, ఫొటో తీశాడంతే" అని వాదించి గెలుస్తూ వచ్చారు. 2022 మార్చి 25 నుంచి ఆ సందు కూడా మూసేశారు. ఫొటో తీయడం, పాట మార్చడం, టైము చూడడానికి తెర వెలిగించడం, చేతిలో ఫోను పట్టుకుని వీటిలో ఏది చేసినా తప్పే. ఎర్ర దీపం దగ్గర ఆగి ఉన్నా, ట్రాఫిక్‌లో కదలకుండా ఉన్నా తప్పే. మనకు ఇదే మింగుడుపడదు. "బండి ఆగింది కదండీ" అంటాం. అక్కడ ఇంజను ఆపి, సురక్షితమైన చోట పార్క్ చేస్తేనే ఆగినట్టు. మ్యాప్ చూసుకోవాలంటే ఫోనును స్టాండులో బిగించి, బయల్దేరకముందే దారి పెట్టుకోవాలి. ఒడిలో పెట్టుకుని అప్పుడప్పుడు ఎత్తి చూసే పద్ధతి మన క్యాబ్ డ్రైవర్లందరిదీ. ఆ పద్ధతి విమానమెక్కేటప్పుడే వదిలేసి వెళ్ళాలి.

రెండోది ఇన్సూరెన్సు. ఇది మనవాళ్ళను దెబ్బతీసినంతగా ఎవరినీ తీయదేమో. మన దగ్గర బండికి ఇన్సూరెన్సు ఉంటే చాలు, లైసెన్సున్నవాళ్ళు ఎవరు నడిపినా చెల్లుతుంది. అక్కడ ఇన్సూరెన్సు మనిషి పేరు మీద ఉంటుంది. పాలసీలో పేరున్నవాళ్ళే నడపాలి. ఒకే ఇంట్లో అయిదుగురు కుర్రాళ్ళుంటారు, ఒకడికి కారుంటుంది. "మామా, తాళం ఇవ్వు, కూరగాయలు తెస్తా" అని ఇంకొకడు పట్టుకెళ్తాడు. దారిలో పోలీసు కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, ఆపుతారు. నడిపినవాడికి ఆరు నుంచి ఎనిమిది పాయింట్లు. తాళం ఇచ్చినవాడికి? అతనికీ అంతే. ఇన్సూరెన్సు లేని మనిషికి కారు ఇవ్వడం కూడా అదే నేరం. టొమాటోల కోసం రెండు లైసెన్సులు పోయాయన్నమాట. మనలో స్నేహితుడికి బండి ఇవ్వననడం మర్యాద కాదు. ఆ మర్యాదను అక్కడి చట్టం గుర్తించదు.

ఇందులోనే ఇంకో ఉపకథ ఉంది. సాయంత్రాలు కారులోనో స్కూటర్ మీదో భోజనం డెలివరీ చేసేవాళ్ళు. సొంత పనులకు తీసుకున్న పాలసీ డెలివరీకి చెల్లదు. దానికి వేరే పాలసీ కావాలి. అది లేకుండా పట్టుబడితే ఇన్సూరెన్సు లేనట్టే లెక్క, మళ్ళీ అదే ఆరు. పైగా విద్యార్థి వీసా మీద సొంతంగా వ్యాపారం చేయడానికి అనుమతి లేదు. ఈ డెలివరీ యాప్‌లలో చేసే పని ఎక్కువగా ఆ కిందకే వస్తుంది. ఇంకొకరి పేరుతో ఉన్న ఖాతాను అద్దెకు తీసుకుని నడిపేవాడికి పాయింట్ల భయం అన్నిటికంటే చిన్నది. తల్లిదండ్రులు ఈ మాట నేరుగా అడగడానికి మొహమాటపడతారని తెలుసు. అయినా అడగాలి.

మూడోది వింటే నవ్వొస్తుంది, జరిగినవాడికి మాత్రం ఏడుపొస్తుంది. కెమెరాకు దొరికిన కారు యజమానికి 14 రోజుల్లోగా పోలీసుల నుంచి ఉత్తరం వెళ్తుంది, ఆ సమయంలో ఎవరు నడిపారో చెప్పమని. 28 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే, అసలు తప్పుకు మూడు పాయింట్లే ఉన్నా, జవాబివ్వని తప్పుకు ఆరు. మన విద్యార్థులు ఏడాదికి రెండు ఇళ్ళు మారతారు. కారు రిజిస్ట్రేషన్ పత్రంలో పాత చిరునామానే ఉంటుంది. ఉత్తరం పాత ఇంటి గుమ్మం దగ్గర పిజ్జా కాగితాల మధ్య పడి ఉంటుంది. కొత్త ఇంట్లో ఉన్నవాడికి తెలిసేసరికి కోర్టు అతను లేకుండానే తేల్చేసి ఉంటుంది. చిరునామా మార్చడం ఆన్‌లైన్‌లో ఉచితం. లైసెన్సులో విడిగా, కారు పత్రంలో విడిగా మార్చాలి. ఒకచోట మారిస్తే రెండోచోట అదే మారుతుందనుకునేవాళ్ళే ఎక్కువ.

అరిగిన టైర్ల సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఒక్కో టైరుకు మూడు పాయింట్లు, అంటే రెండు టైర్లు అరిగిన సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాడి లైసెన్సు ఆ కారుతోపాటే ప్రమాదంలో ఉంది.

లెక్కలో మెలికలు కూడా కొన్ని ఉన్నాయి. పరీక్ష పాసవకముందు, ప్రొవిజనల్ మీద ఉన్నప్పుడు పడ్డ పాయింట్లు కడిగేసినట్టు పోవు. అప్పటి మూడు, పాసయ్యాక ఇంకో మూడు కలిస్తే ఆరే. ఇండియా లైసెన్సుతో నడిపిన మొదటి ఏడాదిలో పడ్డవీ అంతే. బ్రిటిష్ లైసెన్సు లేనివాడి పేరున కూడా వేల్స్‌లోని స్వాన్సీలో ఉన్న లైసెన్సుల సంస్థ డీవీఎల్‌ఏ ఒక రికార్డు తెరిచి ఉంచుతుంది, లైసెన్సు వచ్చాక అవి దాని మీదకు చేరతాయి. ఇంకొకటి, చూసేది తప్పు చేసిన తేదీని, శిక్ష పడిన తేదీని కాదు. ఇరవై మూడో నెలలో ఫోను పట్టుకుని, కేసును ఇరవై ఆరో నెల దాకా లాగించినంత మాత్రాన తప్పించుకోలేరు.

మరి కోర్టులో మొర పెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఉద్యోగం పోతుంది, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారు, ఒక్కసారి కనికరించండి అని. 12 పాయింట్ల నిషేధం విషయంలో ఆ దారి ఉంది. అసాధారణమైన కష్టం కలుగుతుందని నమ్మించగలిగితే న్యాయాధికారి నిషేధం తగ్గించవచ్చు, వదిలేయవచ్చు. కొత్త డ్రైవరుకు ఆ దారి లేదు. ఎందుకంటే లైసెన్సును రద్దు చేసేది న్యాయాధికారి కాదు. పాయింట్లు పడ్డాయని కబురందగానే డీవీఎల్‌ఏ నుంచి ఉత్తరం వస్తుంది. విచారణ లేదు, వాయిదా లేదు, ఎదురుగా కూర్చుని వినే మనిషే లేడు. శిక్ష మీద అప్పీలు చేస్తే మాత్రం అది తేలేదాకా రద్దు ఆగుతుంది.

లాయర్లు ఊరుకుంటారా? ఒక ఉపాయం కనిపెట్టారు. కోర్టు కొద్దిరోజుల నిషేధం వేస్తే ఆ తప్పుకు పాయింట్లు పడవు. పాయింట్లు పడకపోతే ఆరు నిండవు, లైసెన్సు రద్దు కాదు. అందుకని "అయ్యా, నా కక్షిదారుకు పాయింట్లు వద్దు, రెండు వారాలు నిషేధించండి" అని అడగడం మొదలుపెట్టారు. శిక్ష పెంచమని ముద్దాయే బతిమాలుకునే విచిత్రం! చివరకు శిక్షల మార్గదర్శకాల్లోనే రాయాల్సి వచ్చింది, ఇలా చేయడం పార్లమెంటు ఉద్దేశాన్ని పక్కదారి పట్టించడమే కనుక మామూలుగా ఒప్పుకోవద్దని.

ఇలా మనిషి మొహం చూడని చట్టం అన్యాయం కాదా? నేను చాలా ఆలోచించాను. రాత్రి డ్యూటీ నర్సుకు, సరదాగా రేసింగ్ చేసే కుర్రాడికి ఒకే కొలత అంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ మొహం చూసే చట్టాల సంగతి మనకు బాగా తెలుసు. ఫలానా వారి అబ్బాయి అనగానే చలానా మాయమయ్యే రోడ్ల మీద పెరిగినవాళ్ళం. ఎవరికి ఫోను చేసినా ప్రయోజనం లేని ఆ ఉత్తరం నాకు క్రూరంగా కంటే మర్యాదగా కనిపిస్తుంది. ఈ మాటతో మీరు ఏకీభవించకపోవచ్చు.

కొత్తవాళ్ళ మీద కన్నేసి ఉంచడం బ్రిటన్ ఒక్కదాని పద్ధతే కాదు. ఉత్తర ఐర్లండ్‌లో కొత్త డ్రైవరు ఏడాదిపాటు ఆర్ అక్షరం తగిలించుకుని, గంటకు 45 మైళ్ళు మించకుండా నడపాలి. జర్మనీలో రెండేళ్ళ పరీక్షాకాలంలో పెద్ద తప్పు చేస్తే దాన్ని నాలుగేళ్ళకు పొడిగించి, ప్రత్యేక తరగతికి పంపుతారు. మన తెలంగాణలో 2017 ఆగస్టు 1న పాయింట్ల పద్ధతి తెచ్చారు. రెండేళ్ళలో 12 పాయింట్లు నిండితే ఏడాది సస్పెన్షన్ అన్నారు. సస్పెన్షన్ అయ్యాక కార్డు తిరిగి చేతికొస్తుంది, మళ్ళీ పరీక్ష మాట ఉండదు. బ్రిటిష్ చట్టం దారి వేరు. నీకు నడపడం వచ్చో రాదో మళ్ళీ చూస్తామంటుంది.

లైసెన్సు పోయిందని ఉత్తరం వచ్చాక కూడా కొందరు నడుపుతూనే ఉంటారు. ఆఫీసు దగ్గరే కదా, ఎవరు చూస్తారులే అని. ఆ సమయంలో ఇన్సూరెన్సు చెల్లదు. పట్టుబడితే ఇన్సూరెన్సు లేని నేరానికి కనీసం ఆరు. పాత ఆరుతో కలిపితే 12. అంటే ఇక కనీసం ఆరు నెలల నిషేధం ముంగిట నిలబడ్డట్టే.

మళ్ళీ రెండు పరీక్షలూ పాసైనవాళ్ళకు ఈ రెండేళ్ళ నిబంధన రెండోసారి వర్తించదు, అందరిలాగే 12 పాయింట్ల లెక్కే. పాత ఆరు మాత్రం పరీక్ష పాసైనందుకు చెరిగిపోవు. తప్పు జరిగిన రోజు నుంచి మూడేళ్ళ వరకు లెక్కలో ఉంటాయి, నాలుగేళ్ళ వరకు రికార్డులో కనిపిస్తాయి. ఇన్సూరెన్సు కంపెనీలు సాధారణంగా ఐదేళ్ళ చరిత్ర అడుగుతాయి. దాచిపెట్టి తీసుకున్న పాలసీని ప్రమాదం జరిగాక రద్దు చేసే అధికారం వాళ్ళకుంది. అందుకని ఫారం నింపేటప్పుడు ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు రాయమని మీ పిల్లలకు చెప్పండి.